అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బు ఈఐటీసీని తినేస్తుందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆడపడుచు స్పాన్సర్ చేస్తే నాలుగేళ్ళ క్రితం గ్రీన్ కార్డు మీద న్యూజెర్సీ వచ్చాం. ఎడిసన్‌లో ఉంటున్నాం. పాపకి 15, బాబుకి 11. మావారు వేర్‌హౌస్‌లో పనిచేసేవారు. 2025 జూన్ నెలాఖరులో లేఆఫ్ చేశారు. అప్పటికి ఆయన జీతం 19,000 డాలర్లు. నేను ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో పార్ట్‌టైమ్‌గా కౌంటర్ చూస్తాను. ఏడాది మొత్తానికి నాకు 11,000 వచ్చింది. జూలై నుంచి డిసెంబరు దాకా ఆయనకి, పని పోయినవాళ్ళకి రాష్ట్రం ఇచ్చే అన్‌ఎంప్లాయ్‌మెంట్ కింద 10,400 ఇచ్చారు.

అంతకు ముందు ఏడాది ఆయన పూర్తిగా పనిచేశారు, ఇద్దరిదీ కలిపి 49,000. అప్పుడు ఈఐటీసీ, అదే తక్కువ సంపాదన వాళ్ళకి ఇచ్చే పన్ను క్రెడిట్, 2,900 దాకా వచ్చింది. దాంతోనే కారు రిపేరు చేయించుకున్నాం. ఈసారి స్టోర్‌లో ఒకావిడ 'అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకున్నాక ఇంక ఈఐటీసీ ఎక్కడిది' అంది. టాక్స్ చేసిపెట్టే ఆయనేమో 'అది చూపించొద్దు, రెండు డబ్ల్యూ-2లు (కంపెనీలిచ్చే జీతం కాగితాలు) ఇవ్వండి, మొత్తం తెప్పిస్తా' అన్నాడు. మావారు 'అది మనం కట్టుకున్న ఇన్సూరెన్సు, దాని మీద పన్నేంటి, 2020లో మా బావకి పన్ను పడలేదు' అంటున్నారు. ఎవరి మాట నమ్మను? నా గంటలు తగ్గించుకుంటే ఏమన్నా ఎక్కువొస్తుందా? ఉద్యోగం పోయినప్పటి నుంచి ఆయన ఇంట్లో మాట్లాడటమే తగ్గించేశారు. ఈ కాగితాలు బయటికి తీస్తే చాలు, లేచి వెళ్ళిపోతున్నారు.
— ఒక సోదరి, ఎడిసన్

జవాబు: అమ్మా, ముందు అంకె చెప్పేస్తాను, కొంత టెన్షన్ తగ్గుతుంది. మీరు రాసిన లెక్క ప్రకారం మీకు ఈఐటీసీ వస్తుంది. కిందటిసారి కన్నా ఎక్కువే వస్తుంది, 5,060 డాలర్ల దగ్గర. స్టోర్‌లో ఆవిడ చెప్పింది తప్పు. టాక్స్ ఆయన చెప్పినట్టు చేస్తే మీరు చిక్కుల్లో పడతారు. మీవారి మాటలో సగం నిజం ఉంది, ఆ సగం సంగతి తర్వాత చెబుతాను.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో శనివారాలు నేను లైబ్రరీలో ఉచితంగా టాక్సులు చేసే వాలంటీర్ల టేబుల్ దగ్గర కూర్చుంటాను. అన్‌ఎంప్లాయ్‌మెంట్ కాగితం పట్టుకుని ఎవరైనా వస్తే, కంప్యూటర్ తెరవక ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీస్తాను. ఎడమవైపు పైన 'కష్టార్జితం' అని రాస్తాను, కుడివైపు 'మొత్తం ఆదాయం' అని. మీరూ ఒక కాగితం తీసుకోండి.

ఈఐటీసీ అంటే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్. 1975 నుంచి ఉంది. ఒళ్ళు వంచి పనిచేసి తక్కువ సంపాదించేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే క్రెడిట్ ఇది. కట్టాల్సిన పన్ను సున్నా అయినా డబ్బు చేతికొస్తుంది. పేరులోనే 'ఎర్న్‌డ్' ఉంది కాబట్టి ఎడమవైపు గడిలోకి పనిచేస్తే వచ్చినదే వెళుతుంది: డబ్ల్యూ-2 మీద జీతం, సొంత పని మీద ఖర్చులు పోగా మిగిలినది. ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కంపెనీ సెవరెన్స్ అని కొంత డబ్బు ఇస్తే అది కూడా జీతంలాగే డబ్ల్యూ-2లో కనపడుతుంది, ఎడమవైపుకే వెళుతుంది. అన్‌ఎంప్లాయ్‌మెంట్ వెళ్ళదు. కాబట్టి మీ ఎడమ గడిలో 19,000, 11,000 కలిపి 30,000.

కుడివైపు గడి ఏజీఐ, అంటే అడ్జస్టెడ్ గ్రాస్ ఇన్‌కమ్. ఇందులో జీతాలు వస్తాయి, బ్యాంకు వడ్డీ వస్తుంది, అన్‌ఎంప్లాయ్‌మెంట్ కూడా వస్తుంది. మీకు 30,000కి 10,400 కలిపి 40,400.

చూశారా, ఆ 10,400 ఒక గడిలో లేదు, రెండో గడిలో ఉంది. మీ గందరగోళమంతా ఇక్కడే పుట్టింది. స్టోర్‌లో ఆవిడ ఎడమ గడి చూసి మాట్లాడింది, టాక్స్ ఆయన కుడి గడిని దాచేద్దామన్నాడు.

ఇద్దరు పిల్లలున్న భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2025 ఆదాయానికి వర్తించే నియమం చెబుతాను. సంపాదన సున్నా నుంచి 17,880 డాలర్ల దాకా వెళ్ళేటప్పుడు ప్రతి డాలరుకీ 40 సెంట్ల చొప్పున క్రెడిట్ పెరుగుతుంది. అక్కడికి 7,152 అవుతుంది, అంతకు మించి పెరగదు. 30,470 దాకా ఆ 7,152 అలాగే ఉంటుంది. 30,470 దాటాక ప్రతి వంద డాలర్లకీ సుమారు 21 డాలర్లు తగ్గుతూ పోయి 64,430 దగ్గర సున్నా అవుతుంది. ఇంతకీ ఏ ఆదాయం మీద చూడాలి? కుడి గడి 30,470 దాటితే రెండు గడుల మీదా లెక్క వేసి, ఏది తక్కువైతే అది ఇస్తారు.

మీ ఎడమ గడి 30,000. 30,470 దాటలేదు కాబట్టి 7,152 పూర్తిగా. కుడి గడి 40,400. 30,470 దాటి 9,930 పైకి వెళ్ళింది, దాని మీద వందకి 21 చొప్పున దాదాపు 2,090 పోయింది. మిగిలింది 5,060. రెండింటిలో తక్కువ అదే కాబట్టి మీకొచ్చేది అదే. ప్రభుత్వం టేబుల్ 50 డాలర్ల మెట్లతో ఉంటుంది, నాలుగైదు డాలర్లు అటూ ఇటూ అవుతుంది.

అంటే అన్‌ఎంప్లాయ్‌మెంట్ వల్ల ఈఐటీసీ తగ్గిన మాట నిజమే, 2,090 డాలర్లు. కానీ ఆ డబ్బు తీసుకుని ఉండకపోతే బాగుండేదని అనుకోకండి. 10,400 తీసుకుని 2,090 వదులుకున్నారు, అంతే. ఇంకో లెక్క కూడా చూడండి. మీవారు డిసెంబరు దాకా పనిచేసి, కిందటిసారిలాగే ఇద్దరిదీ కలిపి 49,000 వచ్చి ఉంటే 2025కి మీ ఈఐటీసీ 3,250 దగ్గర ఉండేది. ఇల్లు గడవటం కష్టమైన ఏడాది క్రెడిట్ పెరగడం ఈ చట్టంలో ఉన్నదే. అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఆ పెరుగుదలలో కొంత వెనక్కి తీసుకుంది.

ఎడమ గడి సంగతి ఇంకొంచెం చెప్పాలి, అది మీవారి కోసం. ఒకసారి మా టేబుల్ దగ్గరికి ఒకాయన వచ్చాడు, ఒక్కడే కొడుకు. ఆ ఏడాది జనవరిలోనే పని పోయింది, జీతం 2,600 మాత్రమే, తర్వాత నెలల తరబడి అన్‌ఎంప్లాయ్‌మెంట్. గ్రోసరీ ఫ్లయర్‌లో మడిచి తెచ్చిన కాగితాలు ఒక్కొక్కటీ తీసి వరసగా పెట్టాడు. అన్నింటికన్నా పెద్ద అంకె అన్‌ఎంప్లాయ్‌మెంట్‌దే, దాని మీద వేలు పెట్టి 'దీనికి ఎంతొస్తుంది?' అన్నాడు. ఏమీ రాదని చెప్పాల్సి వచ్చింది. ఒక బిడ్డ ఉన్నవాళ్ళకి డాలరుకి 34 సెంట్లు కాబట్టి, ఆయన 2,600కి వచ్చిన క్రెడిట్ 884. అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఎంత వచ్చినా ఎడమ గడిలో ఒక్క పైసా పెరగదు. ఏడాదంతా దాని మీదే గడిపినవాళ్ళకి ఈఐటీసీ సున్నా.

మీ ఇంట్లో మీ 11,000 ఒక్కటే ఉండి ఉంటే క్రెడిట్ 4,400 దగ్గరే ఆగిపోయేది. మీవారు జనవరి నుంచి జూన్ దాకా చేసిన పని వల్లే ఎడమ గడి 30,000కి చేరి, పూర్తి 7,152కి అర్హత వచ్చింది. తర్వాత కుడి గడి కోత పెట్టింది, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆయన మాటలోని ఆ సగం నిజం. 'మనం కట్టుకున్న ఇన్సూరెన్సు' అన్నది న్యూజెర్సీలో అక్షరాలా నిజం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ ప్రీమియం యజమానే కడతాడు. ఉద్యోగి జీతంలోంచి కూడా కోసే రాష్ట్రాలు మూడే: న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కా. ఆయన పాత పే స్టబ్ తీసి చూడండి, 'యూఐ' అని ఎదురుగా చిన్న కోత ఉంటుంది. ఆయనకి కోపం రావడంలో తప్పులేదు. న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వం కూడా ఆ డబ్బు మీద పన్ను వేయదు. ఫెడరల్ ప్రభుత్వం మాత్రం వేస్తుంది. 1978 వరకూ వేసేది కాదు. 1979 నుంచి కొంత భాగం మీద మొదలుపెట్టి, 1986 నాటి పన్ను సంస్కరణల చట్టంతో 1987 నుంచి మొత్తం మీదా వేస్తోంది.

మరి బావగారికి 2020లో పన్ను ఎందుకు పడలేదు? అది కోవిడ్ ఏడాది. 2021 మార్చిలో చేసిన చట్టంలో, 1,50,000 డాలర్ల కన్నా తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి 2020లో వచ్చిన అన్‌ఎంప్లాయ్‌మెంట్‌లో ఒక్కొక్కరికి 10,200 దాకా పన్ను లేకుండా వదిలేశారు. ఆ ఒక్క ఏడాదికే. ఇంకోటి, 2020, 2021 సంవత్సరాలకి ఈఐటీసీ లెక్క వేసేటప్పుడు, కావాలంటే 2019లో సంపాదించినదే ఎడమ గడిలో పెట్టుకోవచ్చన్నారు. అప్పట్లో పని పోయినవాళ్ళకి అది పెద్ద ఊరట. ఆ రెండు వెసులుబాట్లూ పోయాయి. మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

పన్ను పడుతుందంటే ఎంతో అనుకోకండి. మీ 40,400లోంచి భార్యాభర్తలకి పన్ను లేకుండా వదిలేసే స్టాండర్డ్ డిడక్షన్ 31,500 తీసేస్తే 8,900. పది శాతం చొప్పున పన్ను 890. ఇద్దరు పిల్లలకి చైల్డ్ టాక్స్ క్రెడిట్ తలా 2,200 చొప్పున 4,400 ఉంది, ఆ 890ని అదే మింగేస్తుంది. మిగిలిన 3,510లో తలా 1,700 చొప్పున 3,400 నగదుగా మీకొస్తుంది, 110 పోతుంది. ఇందులోనూ ఎడమ గడి పాత్ర ఉంది. ఆ నగదు భాగం 2,500 దాటిన కష్టార్జితంలో 15 శాతానికి మించకూడదు. మీకు 30,000 ఉంది కాబట్టి ఆ పరిమితి 4,125, ఇబ్బంది లేదు. అన్‌ఎంప్లాయ్‌మెంట్ మాత్రమే ఉన్న ఇంట్లో ఈ నగదు కూడా మామూలుగా దక్కదు.

అంటే మీ ఇంటికి ఆ 10,400 మీద చేతి నుంచి కట్టే ఫెడరల్ ఆదాయపన్ను ఏమీ లేదు. ఈఐటీసీ 5,060, పిల్లల క్రెడిట్ 3,400, వెరసి 8,460 దాకా వెనక్కొస్తుంది. జీతాల్లోంచి ముందే పట్టుకున్న ఫెడరల్ పన్ను ఏమైనా ఉంటే అది దీనికి అదనం. న్యూజెర్సీ సొంత ఈఐటీసీ ఫెడరల్ దాంట్లో 40 శాతం, అంటే ఇంకో 2,020 దాకా. స్టేట్ రిటర్న్ వేయకపోతే అది రాదు. చాలామంది ఫెడరల్ వేసేసి స్టేట్ మర్చిపోతారు, అందుకని చెబుతున్నాను.

ఇక ఆ టాక్స్ ఆయన. అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇచ్చిన రాష్ట్ర శాఖ 1099-జీ అనే కాగితం మీకిస్తుంది, అదే వివరం ఫెడరల్ పన్ను శాఖ అయిన ఐఆర్ఎస్‌కి కూడా పంపుతుంది. మీరు దాచినా వాళ్ళ కంప్యూటర్‌లో ఉంటుంది. ఆయన చెప్పినట్టు చేస్తే ఇప్పుడు 2,090 ఎక్కువొచ్చి చేతిలో ఖర్చయిపోతుంది. కొన్ని నెలలకో ఏడాదికో సీపీ2000 అనే నోటీసు వస్తుంది: మీ దగ్గర చూపని ఆదాయం ఉంది, ఇంత వెనక్కి కట్టండి, ఇదిగో వడ్డీ, ఇదిగో పెనాల్టీ అని. అక్కడితో ఆగితే అదృష్టం. తెలిసీ నిర్లక్ష్యంగా చేశారని తేలితే రెండేళ్ళపాటు ఈఐటీసీ అడగకుండా నిషేధిస్తారు, మోసమని తేలితే పదేళ్ళు. ఆ తర్వాత మళ్ళీ అడగాలంటే 8862 అనే ఇంకో ఫారం నింపాలి. ఇంకో ఏడాదికి మీరు సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తారు, ఎన్-400 ఫారంలో పన్నుల ప్రశ్నలు కూడా ఉంటాయి. రెండు వేల కోసం దాన్ని పెంట చేసుకోకండి.

ఆయన్ని ఒక్క మాట అడిగి చూడండి: 'రిటర్న్ మీద మీ సంతకం, పీటిన్ నెంబరు వేస్తారా?' అని. డబ్బు తీసుకుని టాక్స్ చేసే ప్రతివాళ్ళూ ఆ నెంబరుతో సంతకం పెట్టి తీరాలి. 'అవసరం లేదు, సెల్ఫ్-ప్రిపేర్డ్ అని వేస్తా' అన్నారంటే మీ ఫైలు వెనక్కి తీసుకుని వచ్చేయండి. రేపు నోటీసు వస్తే ఆ రిటర్న్ చేసింది తాను కాదంటాడు.

ఇప్పుడొక చిన్న అనుమానం. మీరు రాసిన 10,400 ఎక్కడిది, 1099-జీ మీదదా, బ్యాంకు ఖాతాలో పడ్డదా? చాలా రాష్ట్రాల్లో ఈ కాగితం పోస్టులో రాదు, వెబ్‌సైట్‌లో లాగిన్ అయి దించుకోవాలి. అది తెలియక జనం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వారం వారం పడ్డవి కూడి తెస్తారు. క్లెయిమ్ వేసేటప్పుడు ఫెడరల్ పన్ను పట్టుకోమని టిక్ పెట్టి ఉంటే పది శాతం కోసి మిగతాదే ఖాతాలో వేస్తారు. అప్పుడు ఖాతాలో 10,400 పడిందంటే అసలు ఇచ్చింది 11,555. కుడి గడిలో రాయాల్సింది ఆ పెద్ద అంకె, 1099-జీలో ఒకటో గడిలో ఉన్నది. మీ ఈఐటీసీ ఇంకో 240 దాకా తగ్గుతుంది. అయితే నాలుగో గడిలో కోసిన 1,155 ఉంటుంది, అది మొత్తం రిఫండ్‌లో తిరిగొస్తుంది. ఆ నాలుగో గడిని వదిలేసినవాళ్ళని చూసి చాలాసార్లు ప్రాణం ఉసూరుమంది.

డిసెంబరు ఆఖరి వారం డబ్బు జనవరిలో చేతికొస్తే అది 2026 లెక్కలోకి వెళుతుంది. ఏ వారానికి ఇచ్చారని కాకుండా ఏ రోజు ఇచ్చారని చూస్తారు. 'ఎక్కువ ఇచ్చేశాం, వెనక్కి కట్టండి' అని నోటీసు వచ్చి అదే ఏడాదిలో కట్టేసి ఉంటే ఆ మేరకు తీసేసి చూపించుకోవచ్చు. ఆయన వీకెండ్లలో డెలివరీ యాప్ లాంటిది ఏమైనా తిప్పి ఉంటే అది ఎడమ గడిలో పడుతుంది, కానీ ఆ వారానికి డబ్బు కోరుతూ సర్టిఫై చేసేటప్పుడు అన్‌ఎంప్లాయ్‌మెంట్ వాళ్ళకి కూడా చెప్పి ఉండాలి.

మీ గంటల సంగతి. తగ్గించుకోకండి. మీరిప్పుడు తగ్గే వాలులో ఉన్నారు కాబట్టి, ఇంకో వంద సంపాదిస్తే ఈఐటీసీలో 21, రాష్ట్రం ఇచ్చే దాంట్లో 8 పోతాయి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 ఎటూ పోతుంది. అయినా సగానికి పైగా చేతిలో మిగులుతుంది. క్రెడిట్ కోసం జీతం తగ్గించుకోవడం అంటే 30 డాలర్ల కోసం వంద వదులుకోవడం. పైగా మీవారికి పని దొరకడం ఆలస్యమైతే 2026లో ఎడమ గడిని నింపాల్సింది మీరే.

ఈ గడుల లెక్కలో మీకు పనికొచ్చే తలుపు ఒకటుంది. మీ క్రెడిట్‌ని ఇప్పుడు నిర్ణయిస్తున్నది కుడి గడి. ట్రెడిషనల్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో డబ్బు వేసుకుంటే కుడి గడి తగ్గుతుంది, ఎడమ గడి తగ్గదు. ఏడాది అయిపోయాక కూడా ఏప్రిల్ 15 లోపు వేసి 2025 కింద చూపించుకోవచ్చు. వెయ్యి డాలర్లు వేస్తే ఈఐటీసీ 210, రాష్ట్రం వాటా 84 పెరుగుతుంది. అంటే మీ వెయ్యి మీ పేరు మీదే ఉంటుంది, దాని మీద దాదాపు 295 అదనంగా వస్తుంది. కానీ ఇది చేతిలో నిజంగా మిగులు ఉంటేనే. మీవారికి పని లేని ఇంట్లో అద్దెకి ముందు దీనికి పెట్టమని నేను చెప్పను. 59 ఏళ్ళ 6 నెలల వయసు రాకముందు తీస్తే మామూలుగా పెనాల్టీ పడుతుంది కూడా. మీ ఆడపడుచు దగ్గర అప్పు చేసి అసలు వేయొద్దు.

హెల్త్ ఇన్సూరెన్సు గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట. రాష్ట్రం మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీతో ప్లాన్ తీసుకుని ఉంటే అక్కడా అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఆదాయం కిందే లెక్క. అక్కడ రాసిన అంచనాలో అది లేకపోతే ఇప్పుడే సరిచేయించండి, ఏడాది చివర వెనక్కి కట్టే బాధ తప్పుతుంది.

ఇదే ప్రశ్న హెచ్-1బీ ఇళ్ళ నుంచి కూడా తరచు వస్తుంటుంది కాబట్టి వాళ్ళకీ చెబుతాను. కలిసి ఫైల్ చేసే భార్యాభర్తలిద్దరికీ, ఏ పిల్లల కోసం అడుగుతున్నారో ఆ పిల్లలకీ పనికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నెంబర్లు ఉండాలి. హెచ్-4 వీసా మీద ఉండి, సోషల్ సెక్యూరిటీకి బదులు పన్నుల కోసం ఇచ్చే నెంబరు అయిన ఐటిన్‌తో నెట్టుకొస్తున్న భార్య ఉంటే, పిల్లలు ఇక్కడ పుట్టినవాళ్ళయినా, ఆదాయం ఎంత తక్కువైనా, ఆ జాయింట్ రిటర్న్ మీద ఈఐటీసీ రాదు. మీకు గ్రీన్ కార్డులు, నలుగురికీ సోషల్ సెక్యూరిటీ కార్డులు ఉన్నాయి కాబట్టి ఈ బెడద లేదు.

డబ్బు ఎప్పుడు వస్తుందంటే, జనవరిలోనే ఫైల్ చేసినా ఈఐటీసీ ఉన్న రిఫండ్‌ని ఫిబ్రవరి మధ్య దాకా ఇవ్వకూడదని చట్టం. మామూలుగా ఫిబ్రవరి ఆఖరికో మార్చి మొదట్లోనో ఖాతాలో పడుతుంది. 'ఇవాళే ఇచ్చేస్తాం' అని బోర్డు పెట్టిన చోట రిఫండ్ మీద అప్పు ఇస్తారు, తర్వాత ఫీజుల పేరుతో కోస్తారు. మూడు వారాలు ఆగండి.

చేయించుకోవడానికి వీటా అనే ఉచిత సేవ ఉంది, ఐఆర్ఎస్ శిక్షణ ఇచ్చిన వాలంటీర్లు చేస్తారు. లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో కూర్చుంటారు. మీ ఆదాయానికి తప్పకుండా చేస్తారు. నలుగురి సోషల్ సెక్యూరిటీ కార్డులు, మీ ఇద్దరి ఫొటో ఐడీలు, డబ్ల్యూ-2లు, 1099-జీ, బ్యాంకు వడ్డీ కాగితం, కిందటేడాది రిటర్న్, ఖాతా నెంబరు పట్టుకెళ్ళండి. కార్డులు ఫోన్‌లో ఫొటోగా ఉంటే చాలనుకోకండి, చాలాచోట్ల అసలువే అడుగుతారు.

జాయింట్ రిటర్న్ మీద ఇద్దరూ సంతకం పెట్టాలి కాబట్టి మీవారు కూడా రావాల్సిందే. అక్కడ టేబుల్ దగ్గర ఎలాగూ లెక్క చెబుతారు. దానికి ముందు ఇంట్లోనే ఒక తెల్లకాగితం తీసి, మధ్యలో గీత గీసి, ఎడమవైపు పైన 19,000 రాసి, ఏమీ చెప్పకుండా ఆయన ముందు పెట్టండి. మిగతా అంకెలు ఆయన్నే వేయమనండి.